ఉద్యోగం ఇవ్వకపోయినా జవాబైనా ఇవ్వండి

ఆర్థిక మాంద్యం వార్త పత్రికల మొదటి పేజీకి ఎక్కక ముందే కొన్ని ఇళ్లలోకి వచ్చి కూర్చుంటుంది. చదువు ముగించిన పిల్లవాడు చేతిలోంచి ఫోను దించడు. స్నానానికి వెళ్లినా దాన్ని తలుపు పక్కనే పెట్టుకుంటాడు. తెలియని నెంబరు నుంచి ఫోన్ వస్తే ఇంట్లో అందరూ మాటలు ఆపేస్తారు. తీరా అది క్రెడిట్ కార్డు అమ్మేవారిదో, ప్లాట్లు అమ్మేవారిదో అయి ఉంటుంది. ఇలా ఆరు నెలలు గడిచేసరికి తల్లి అడగడం మానేస్తుంది. తండ్రి అడగడం మొదలుపెడతాడు.

2022 చివరి నుంచి రెండు తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి ఇళ్లను మనం ఎన్నో చూశాం. హైదరాబాదులోనే కాదు, గుంటూరు, కర్నూలు, కరీంనగర్, నిజామాబాద్‌లలో కూడా ఇంజనీరింగ్ పట్టా చేతబట్టుకుని ఖాళీగా ఉన్న కుర్రవాడో అమ్మాయో లేని వీధి లేకుండా పోయింది. వారిని చూసి జాలిపడేవారు కొందరైతే, ఎగతాళి చేసేవారు మరికొందరు. ఇక సలహాలు ఇచ్చేవారికి లెక్కే లేదు. జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే పెద్దాయన ఒకరు భుజం మీద చెయ్యి వేసి "క్యా బేటా, నౌక్రీ లగీ?" అని అడుగుతారు. ఆయన అడిగింది అభిమానంతోనే. కానీ నాలుగు వారాలు వరుసగా అదే ప్రశ్న విన్న కుర్రవాడు అయిదో శుక్రవారం వేరే వీధిలోని మసీదుకు వెళతాడు.

జాలిపడేవారి మాటల్లోను, ఎగతాళి చేసేవారి మాటల్లోను, సలహాలిచ్చేవారి మాటల్లోను ఒకే నమ్మకం దాగి ఉంది. తప్పు ఆ కుర్రవాడిదేనని. "సరైన నైపుణ్యం లేదు, అందుకే రాలేదు" అన్నది నేడు అందరి నోటా వినిపిస్తున్న తీర్పు. కంపెనీల పెద్దలు అదే అంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డులూ అదే అంటాయి. చివరికి ఆ కుర్రవాడే అలా అనుకోవడం మొదలుపెడతాడు. ఈ తీర్పు ఎంతవరకు నిజమో కాస్త నిదానంగా పరిశీలించవలసిన అవసరం ఉందని మేము భావిస్తున్నాం.

కొన్ని లెక్కలు చూద్దాం. 2021-22 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది కొత్త పట్టభద్రులను చేర్చుకుంది. ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకుంది. కరోనా కాలంలో ప్రపంచమంతా ఇళ్ల నుంచి పని చేసింది. కొనడం, అమ్మడం, బ్యాంకు పని, చదువు అన్నీ కంప్యూటర్ల మీదికి మారాయి. మనుషులు దొరకక కంపెనీలు ఒకరి ఉద్యోగులను ఒకరు లాక్కున్నాయి. ఆ రోజుల్లో ఏ కళాశాల, ఎంత శాతం మార్కులు అని పట్టి పట్టి చూసినవారు తక్కువ. సరిగ్గా రెండేళ్లు తిరిగేసరికి, అంటే 2023-24లో, టీసీఎస్ సిబ్బంది 13 వేలకు పైగా తగ్గింది. 2004లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదైన తరువాత ఒక ఏడాదిలో ఉద్యోగుల సంఖ్య తగ్గడం అదే మొదటిసారి. ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు, విప్రోలో 24 వేలకు పైగా తగ్గారు. మూడు కంపెనీలు కలిపి ఒక్క ఏడాదిలో 60 వేలకు పైగా.

మరి ఈ రెండేళ్లలో ఏం జరిగింది? మన కళాశాలలన్నీ ఒక్కసారిగా పాడైపోయాయా? 2021లో పాసైనవాడికి ఉన్న తెలివి 2023లో పాసైన అతని తమ్ముడికి లేకుండా పోయిందా? ఇద్దరూ చదివింది ఒకే కళాశాల. చెప్పింది అదే అధ్యాపకులు. ప్రయోగశాలలో పనిచేయని కంప్యూటర్లు కూడా అవే. అన్నకు మూడు ఆఫర్ లెటర్లు వచ్చాయి. తమ్ముడికి ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు.

మన కళాశాలల చదువులో లోపాలు లేవని మేము అనడం లేదు. చాలా ఉన్నాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక వీధికొక ఇంజనీరింగ్ కళాశాల వెలిసిన సంగతి, వాటిలో కొన్నింటికి అధ్యాపకులే లేని సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ పథకం వల్లనే దర్జీల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు, పంక్చరు షాపుల పిల్లలు మొట్టమొదటిసారి ఇంజనీర్లయ్యారన్న సంగతిని కూడా మరచిపోకూడదు. ఉన్న లోపాలన్నీ 2021లో కూడా ఉన్నాయి. అప్పుడు అడ్డు రాని లోపం ఇప్పుడు అడ్డు వచ్చిందంటే మారింది లోపం కాదు, మారింది గిరాకీ.

గిరాకీ ఎందుకు మారిందో కూడా దాచవలసిన రహస్యమేమీ కాదు. మన కంపెనీలకు ఆదాయంలో అత్యధిక భాగం అమెరికా, ఐరోపాల నుంచి వస్తుంది. అమెరికాలో ధరలు పెరిగాయని అక్కడి కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుంచి వడ్డీ రేట్లు పెంచుతూ పోయింది. దాదాపు సున్నా దగ్గర ఉన్న రేటు 2023 జూలై నాటికి అయిదుంబావు శాతం దాటింది. అప్పు ఖరీదైనది కాగానే అక్కడి బ్యాంకులు, దుకాణాల గొలుసులు, టెలిఫోన్ కంపెనీలు కొత్త ప్రాజెక్టులను వాయిదా వేశాయి. ప్రాజెక్టు లేకపోతే ఇక్కడి కంపెనీకి అదనపు మనుషులతో పని లేదు. ఉన్నవారిని తీసేస్తే పేరు పోతుంది. కనుక అన్నిటికంటే సులువైన పని ఒకటి చేస్తారు. కొత్తవారిని తీసుకోవడం ఆపేస్తారు. ఎవరినీ తొలగించలేదు కాబట్టి వార్త ఉండదు. లోపలికి రాని మనిషి కోసం ధర్నా చేసేవారు ఎవరుంటారు?

హైదరాబాదుకు ఇది కొత్త కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న తరువాత మూడేళ్లకే, 2001లో, అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలినప్పుడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సులు నేర్చుకున్నవారు దిక్కుతోచక తిరిగారు. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ దెబ్బ నుంచి తేరుకోక ముందే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. 50 వేల మందికి పైగా పనిచేస్తున్న కంపెనీ భవిష్యత్తు ఒక్క ఉత్తరంతో అగమ్యమైంది. ఆ ఏడాది కళాశాల నుంచి బయటికి వచ్చినవారి సంగతి అడిగేవారే లేకపోయారు. 2020లో కరోనా, ఆ తరువాత 2022 చివరి నుంచి ఇప్పటి కరువు. పాతికేళ్లలో నాలుగుసార్లు. ప్రతిసారీ కాలం బాగుపడగానే ఆ "నైపుణ్యం లేనివారిని" ఇవే కంపెనీలు పిలిచి తీసుకున్నాయి. 2025లో మాత్రం కృత్రిమ మేధ అనే కొత్త మాట కూడా తోడైంది. ఆ జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. ఇందులో యంత్రం పాలు ఎంత, వ్యాపారం తగ్గిన పాలు ఎంత అన్నది వాదన. ఉద్యోగం వెతుక్కునేవాడికి మాత్రం రెండూ ఒకటే.

కనుక ఏ సంవత్సరంలో పాసయ్యాడన్న ఒక్క విషయం మనిషి బతుకును ఎంతగా మలుపు తిప్పుతుందో గుర్తించాలి. ఇది మా ఊహ కాదు. 1979-89 మధ్య పట్టభద్రులైన అమెరికన్ యువకులను చాలా ఏళ్లు పరిశీలించిన లీసా కాన్ అనే ఆర్థికవేత్త, మాంద్యం రోజుల్లో చదువు ముగించినవారి జీతాలు పదిహేనేళ్ల తరువాత కూడా తక్కువగానే ఉన్నట్లు చూపారు. కెనడాలో జరిగిన మరో అధ్యయనంలో అటువంటివారి తొలి సంపాదన సుమారు 9 శాతం తగ్గిందని, ఆ తేడా మాయం కావడానికి దాదాపు పదేళ్లు పట్టిందని తేలింది. మొదటి మెట్టు ఎక్కడం ఆలస్యమైతే మెట్లన్నీ ఆలస్యమవుతాయి. అన్నకూ తమ్ముడికీ మధ్య ఉన్న రెండేళ్ల తేడా ఇరవై ఏళ్ల తరువాత రెండు వేర్వేరు ఇళ్లుగా, వేర్వేరు బళ్లలో చదివే పిల్లలుగా కనిపిస్తుంది.

మన ప్రభుత్వ లెక్కలు ఏం చెబుతున్నాయని అడిగేవారు ఉంటారు. 2023-24 సర్వేలో దేశమంతటికీ నిరుద్యోగం 3.2 శాతమే అన్నారు. వినడానికి బాగానే ఉంది. అదే సర్వేలో 15 నుంచి 29 ఏళ్ల యువతను వేరు చేసి చూస్తే 10.2 శాతం. పట్టణాల్లోని యువతులలో అయితే 20 శాతానికి పైగా. పైగా ఈ లెక్క వేసే పద్ధతి ఎరిగినవారికి ఇంకో సంగతి తెలుసు. ఏడాదిలో ఒక్క నెల రోజులు తండ్రి కిరాణా కొట్లో కూర్చున్నా, నెల రోజులు ఇంటింటికీ తిండి పొట్లాలు చేర్చినా, ఆ లెక్కలో అతను పని ఉన్నవాడే. ఇంజనీరింగ్ పట్టా ఇంట్లో పెట్టి మోటారు సైకిల్ మీద బిర్యానీ మోస్తున్న కుర్రవాడు నిరుద్యోగి కాడు. కష్టపడి చేసే పని ఏదైనా గౌరవమైనదే. కానీ అతను అందుకోసం నాలుగేళ్లు చదవలేదు.

ఇంతవరకు చెప్పినది కాలం చేసిన గాయం. దానికి మందు ఎవరి దగ్గరా లేదు. మనుషులు చేస్తున్న గాయం వేరే ఉంది. దానికి మందు ఉంది.

ఉద్యోగం వెతుక్కునేవారిని అడిగి చూడండి. "లేదు" అనిపించుకున్నందుకు బాధపడేవారు తక్కువ. ఏ మాటా వినిపించనందుకు కుమిలిపోయేవారే ఎక్కువ. వంద దరఖాస్తులు పంపితే తొంభై అయిదింటికి జవాబు ఉండదు. మూడు రౌండ్ల ఇంటర్వ్యూ అయ్యాక "రెండు రోజుల్లో తెలియజేస్తాం" అంటారు. ఆ రెండు రోజులు రెండు నెలలవుతాయి. ఫోన్ చేస్తే ఎత్తరు. మెయిల్ రాస్తే యంత్రం నుంచి కృతజ్ఞతలు వస్తాయి. కాదని తెలిస్తే మనిషి ఆ రాత్రి బాధపడి మర్నాడు ఇంకో దారి చూసుకుంటాడు. ఏమీ తెలియనివాడు ఆ ఆశను వదల్లేడు, ఇంకోదాన్ని పట్టుకోలేడు. ఊళ్లో వచ్చిన చిన్న ఉద్యోగం కూడా ఆ పెద్దదాని కోసం వదులుకుంటాడు.

ఇంకా ఘోరమైనది ఆఫర్ లెటర్ ఇచ్చి ఆపడం. ఒక పెద్ద కంపెనీ 2022లో ఎంపిక చేసినవారిలో రెండు వేల మంది దాకా 2024 వరకు ఎదురు చూశారు. ఇంకో కంపెనీ ఏడాదికి ఆరున్నర లక్షలు ఇస్తామని ఒప్పుకుని, 2023 ఫిబ్రవరిలో మూడున్నర లక్షలకైతే వెంటనే రమ్మంది. అప్పటికి ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చున్నవాడు ఏం చేస్తాడు? చాలామంది తలవంచి చేరారు. ఆ మూడున్నర లక్షలు కూడా పదేళ్లకు పైగా కదలని జీతం. ఈలోగా హైదరాబాదులో ఇంటి అద్దెలు మాత్రం కదలకుండా లేవు.

ఎదురు చూసే కాలానికి ఖర్చు లేదని అనుకోకండి. చదువు కోసం బ్యాంకులో తీసుకున్న అప్పు సాధారణంగా చదువు పూర్తయిన ఏడాదికి వాయిదాలు అడగడం మొదలుపెడుతుంది. ఉద్యోగం వచ్చిందా అని బ్యాంకు అడగదు. అమీర్‌పేట హాస్టల్లో మంచానికి నెలకు ఐదారు వేలు. కోర్సుకు పాతిక వేలు. ఇంటర్వ్యూకు చొక్కా, బూట్లు, మాదాపూర్ దాకా బస్సు. కర్నూలు నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రి బస్సులో వచ్చి, బస్టాండులో ముఖం కడుక్కుని, పదిహేను పోస్టుల వాక్-ఇన్ ఇంటర్వ్యూకు వెళితే అక్కడ రోడ్డు మలుపు దాకా క్యూ ఉంటుంది. మధ్యాహ్నానికి గేటు మూసి "రెజ్యూమె ఆ డబ్బాలో వేసి వెళ్లండి" అంటారు. ముంబయిలో 2024 జూలైలో విమానాశ్రయంలో సామాన్లు మోసే పనుల వంటి సుమారు 2,200 ఖాళీలకు పాతిక వేల మంది దాకా వచ్చి తొక్కిసలాట పరిస్థితి ఏర్పడింది. వచ్చినవారిలో డిగ్రీలున్నవారు కూడా ఉన్నారు.

ప్రైవేటు మీద నమ్మకం పోయినవారు ప్రభుత్వ పరీక్షల వైపు తిరిగారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి గ్రంథాలయం, దిల్‌సుఖ్‌నగర్ నిండిపోయాయి. తెలంగాణలో 2023 జూలైలో జరిగిన గ్రూప్-4 పరీక్షకు ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు దాదాపు 9.5 లక్షల దరఖాస్తులు వచ్చాయి. గ్రూప్-1 సంగతి ఇంకా దయనీయం. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కి అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. దానిని హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ వచ్చి 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఒకే మెట్టును మూడుసార్లు ఎక్కించారు, మధ్యలో వయసు పెరిగింది.

దారులన్నీ మూసుకుపోయిన చోట దళారి పుడతాడు. "బ్యాక్‌డోర్" ఉద్యోగమని రెండు మూడు లక్షలు కట్టించుకుని, మూడు నెలలు జీతమంటూ ఆ డబ్బులోంచే కొంత తిరిగి ఇచ్చి, ఒక ఉదయం ఆఫీసుకు తాళం వేసి పోయే ముఠాల గురించి పోలీసులు ఎన్నిసార్లు కేసులు పెట్టినా కొత్తవి వస్తూనే ఉన్నాయి. దేశం దాటించే దళారులు ఇంకా ప్రమాదకరం. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన యువకులను అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అమ్మివేసిన వైనాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. రష్యాలో సహాయకుల పని అని తీసుకుపోయిన భారతీయ యువకులు, వారిలో తెలంగాణవారూ ఉన్నారు, ఉక్రెయిన్ యుద్ధరంగంలో తేలారు. కొందరు తిరిగి రాలేదు. గల్ఫ్‌కు పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలని, అతను తీసుకోదగిన రుసుము 30 వేలు, దానిపై పన్ను మాత్రమేనని మన పాత బస్తీలో, జగిత్యాలలో, కడపలో ఎంతమందికి తెలుసు? తెలిసినవారు పక్కవారికి చెప్పాలని ఈ సందర్భంగా కోరుతున్నాం. "దురాశకు పోయాడు" అని వారిని నిందించేవారిని చూస్తే మాకు విచారం కలుగుతుంది. రెండేళ్లు ఎవరూ జవాబివ్వని మనిషికి మొదట జవాబిచ్చినవాడు దళారి. అందుకే నమ్మాడు.

ఇక అమ్మాయిల విషయం. దీనిని కొంచెం వివరంగా చెప్పక తప్పదు. అబ్బాయికి మాంద్యం రెండేళ్లు నష్టం చేస్తుంది. అమ్మాయికి మొత్తం ఉద్యోగ జీవితాన్నే నష్టం చేస్తుంది. మనలో చాలా కుటుంబాలు కూతురిని ఇంజనీరింగ్ దాకా, ఎంసీఏ దాకా చదివించే స్థితికి వచ్చాయి. ఇది సంతోషించవలసిన మార్పు. కానీ ఆ చదువు చివర ఒక గడువు ఉంటుంది. ఎవరూ పైకి చెప్పరు, ఇంట్లో అందరికీ తెలుసు. "ఒక ఏడాది చూద్దాం" అంటారు. మంచి కాలంలో ఆ ఏడాదిలో ఉద్యోగం వస్తుంది. జీతం ఇంటికి రావడం మొదలయ్యాక పెళ్లి మాట దానంతటదే వెనక్కి జరుగుతుంది. వచ్చే సంబంధాలు కూడా ఆమె ఉద్యోగాన్ని ఒప్పుకునే వస్తాయి. చెడ్డ కాలంలో ఆ ఏడాది ఖాళీగా గడుస్తుంది. ఆఫర్ లెటర్ బీరువాలో ఉంటుంది, చేరవలసిన తేదీ మాత్రం రాదు. పెళ్లి తేదీ వస్తుంది. ఆ తరువాత కంపెనీ పిలిచినా ఆమె వేరే ఊళ్లో, వేరే ఇంట్లో ఉంటుంది. తమ్ముడు రెండేళ్లు ఆలస్యంగానైనా చేరతాడు. అక్క ఎప్పటికీ చేరదు. ఆమె పేరు ఏ నిరుద్యోగ లెక్కలోనూ ఉండదు, ఎందుకంటే ఆమె ఇప్పుడు ఉద్యోగం వెతకడం లేదు. తల్లిదండ్రులను మేము కోరేది ఒక్కటే. గడువు పెట్టేటప్పుడు క్యాలెండరు చూడకండి, కాలాన్ని చూడండి. ఏడాది ఇవ్వదలచుకున్నవారు మాంద్యంలో మూడేళ్లు ఇవ్వాలి. అప్పుడు గాని అది ఏడాదితో సమానం కాదు.

మన పేర్ల విషయం కూడా దాచిపెట్టి ప్రయోజనం లేదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు మన దేశంలోని పత్రికా ప్రకటనలకు ఒకే రకమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రవర్ణ హిందువు పేరు ఉన్న దరఖాస్తుతో పోలిస్తే ముస్లిం పేరు ఉన్నదానికి పిలుపు వచ్చే అవకాశం మూడో వంతు మాత్రమే. దళితుల పేర్లకు మూడింట రెండు వంతులు. ఇది మాంద్యం లేని రోజుల సంగతి. ఖాళీలు పది, దరఖాస్తులు పది వేలు అయినప్పుడు పక్కన పెట్టడానికి సాకు వెతికే చెయ్యి ఏ కాగితం మీద పడుతుందో ఊహించవచ్చు.

అయితే ఇక్కడ కూడా మా అభ్యంతరం ఆ మౌనం మీదనే. కారణం చెప్పకుండా, అసలు కాదని కూడా చెప్పకుండా వదిలేస్తే ఆ కుర్రవాడికి రెండే దారులు మిగులుతాయి. అన్ని తిరస్కారాలకూ తన పేరే కారణమని నమ్మడం ఒకటి. అలా నమ్మినవాడు ప్రయత్నమే మానేస్తాడు. లేదా అన్నిటికీ తన చేతకానితనమే కారణమని నమ్మడం. ఇది మనిషిని లోపలినుంచి తినేస్తుంది. రెండూ సగం అబద్ధాలే. నిజం తెలిసినది ఇంటర్వ్యూ చేసినవాడికి ఒక్కడికే, అతను నోరు విప్పడు.

యజమానుల పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది. వేలు నొక్కితే దరఖాస్తు వెళ్లే కాలమిది. ఒక్కో పోస్టుకు వేలకు వేలు వచ్చి పడతాయి. ఇద్దరు ముగ్గురు ఉన్న హెచ్‌ఆర్ విభాగం అందరికీ ఉత్తరాలు రాయగలదా? రాయలేదు, ఒప్పుకుంటాం. కానీ వేల దరఖాస్తులను క్షణాల్లో ఏరి పారేసే సాఫ్ట్‌వేరు కొన్నవారికి, ఆ పారేసినవారికి ఒక్క వాక్యం పంపించడం కష్టమా? దరఖాస్తు పెట్టిన అందరి సంగతి వదిలేద్దాం. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగిన మనిషికైనా చెప్పాలి కదా!

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఈ పని చట్టంతోనే చేయించింది. 25 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ ఒక ఉద్యోగాన్ని బహిరంగంగా ప్రకటించి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల లోపల నిర్ణయం తీసుకున్నారో లేదో ఆ అభ్యర్థికి తెలియజేయాలి. ప్రకటించిన ఉద్యోగం నిజంగా ఖాళీగా ఉన్నదా లేదా అన్నది కూడా ప్రకటనలోనే చెప్పాలి. ఈ నిబంధనలు 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. మన దేశంలో 1959లోనే ఒక చట్టం ఉండేది. 25 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజికి తెలియజేయాలని దాని సారాంశం. అక్కడి నుంచే మనిషిని తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం లేదు. ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఖాళీ ఉందని ప్రభుత్వానికి చెప్పమన్న చట్టం, కాళ్లరిగేలా వచ్చిన మనిషికి ఒక మాట చెప్పమని మాత్రం ఏనాడూ అనలేదు. మన శాసనసభల్లో ఉద్యోగాల మీద గంటల తరబడి మాట్లాడే సభ్యులు ఒంటారియో నిబంధనలను ఒకసారి తెప్పించుకుని చదివితే బాగుండును. దీనికి ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా అక్కరలేదు.

ఖాళీ సంవత్సరాల విషయంలోనూ ఇదే న్యాయం. "2023లో పాసయ్యారు, ఇంతవరకు ఏం చేశారు?" అన్న ప్రశ్న ఇంటర్వ్యూలలో తప్పనిసరి అయింది. ఆ ఏడాది నియామకాలు ఆపింది ఎవరు? అడుగుతున్నవారు కాదా? అమెరికాలో వంద నగరాలలో నకిలీ దరఖాస్తులు పంపి చేసిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం లేని నెలలు పెరిగే కొద్దీ పిలుపులు తగ్గినట్లు తేలింది. కానీ నిరుద్యోగం ఎక్కువగా ఉన్న నగరాలలో ఆ తగ్గుదల అంతగా లేదు. అక్కడి యజమానులు లోపం మనిషిది కాదు, ఊరిదని అర్థం చేసుకున్నారన్నమాట. ఆపాటి వివేకం మనవారికి లేదనుకోము.

పెద్ద కంపెనీలను ఇంత అన్న తరువాత మనవైపు కూడా చూసుకోవాలి. అబిడ్స్‌లో దుకాణం, విజయవాడలో ట్రావెల్స్, గుంటూరులో పాఠశాల, పాత బస్తీలో నర్సింగ్ హోమ్ నడుపుతున్నవారు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. పదిమందికి పని ఇస్తున్నవారు. మన దగ్గరికి కూడా ఎవరో ఒకరి సిఫారసుతో పిల్లలు వస్తారు. "బయోడేటా ఇచ్చి వెళ్లు బేటా, చెబుతాం" అంటాం. అతను వెళ్లాక ఆ కాగితం బల్ల సొరుగులోకి పోతుంది. ఇవ్వడానికి పని లేదని మనకు ఆ క్షణంలోనే తెలుసు. ముఖం మీద చెప్పలేక మొహమాటపడి అలా అంటాం. అతను మాత్రం ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్లి అమ్మతో "చెబుతామన్నారు" అంటాడు. ఈ వారం ఆ సొరుగు తీసి చూడండి. ఎన్ని కాగితాలుంటే అన్ని ఫోన్లు చేయాలి. పని లేకపోతే లేదని చెప్పండి. ఎవరి దగ్గర ఉండవచ్చో తెలిస్తే ఆ పేరు చెప్పండి. ఒక్కో ఫోనుకు రెండు నిమిషాల కంటే ఎక్కువ పట్టదు.